1829 అంటే ఏది 1829? కలకత్తా గోల్ఫ్ కోర్సు వయసు లెక్క

మా పెదమావ ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో 30 ఏళ్ళకి పైనే పనిచేసి రిటైరయ్యాక ఆముదాలవలస వచ్చేశాడు. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఖరగ్‌పూర్, కలకత్తా వెళ్ళి బతికినోళ్ళు ఇంటికొకరు వుంటారు కదా, వాళ్ళందరికీ కలకత్తా అంటే సొంతూరు కన్నా ఎక్కువ, దాన్ని ఎవరైనా తక్కువ చేస్తే ఊరుకోరు. ఒకరోజు టీ కొట్టు దగ్గర చెన్నై గిండీ రేస్‌కోర్స్ గొడవ మాటల్లోకొచ్చింది. 2024 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం లీజు రద్దు చేసి ఆ 160 ఎకరాలు వెనక్కి తీసుకుంది, ఆ రేస్ ట్రాక్ మధ్యలో వున్న పాత గోల్ఫ్ మైదానం సంగతి కూడా కోర్టు దాకా వెళ్ళింది. "పాత గోల్ఫ్ మైదానం" అన్న మాట చెవిన పడగానే మావ అందుకున్నాడు.

"ఏటి బావూ, గిండీ పాతదేటి, పాతదంటే మా కలకత్తాది. 1829. ప్రపంచంలోనే మొట్టమొదటిది."

పక్కనున్న కుర్రాడు ఫోన్ తీసి "కాదు మావా, ఆ కోర్సు 1910 నుంచని వుంది ఇక్కడ" అన్నాడు. ఇంకొకాయన స్కాట్లాండ్ వుండగా కలకత్తా మొదటిదెలా అవుతుంది అన్నాడు. మావ చెప్తున్నది ఇప్పుడు రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బు అని పిలిచేదాని సంగతి. టీ చల్లారిపోయింది గానీ గొడవ తేల్లేదు. ఇంటికొచ్చి కూర్చుని చూస్తే తేలిందేంటంటే ముగ్గురూ ఒక్కో ముక్క రైటే చెప్పారు, కాకపోతే ముగ్గురూ మూడు వేరు వేరు వస్తువుల వయసు చెప్తున్నారు.

క్లబ్బు వేరు, కోర్సు వేరు

గోల్ఫ్ క్లబ్బు అంటే మనుషులు. మెంబర్లు, రూల్సు, చందా, పేరు. కోర్సు అంటే నేల. ఆ మనుషులు ఆడే గడ్డి, గట్లు, చెరువులు. క్లబ్బు ఒక చోటు నుంచి ఇంకో చోటుకి మారొచ్చు, కోర్సు మారలేదు, వదిలేసి ఇంకోటి కట్టుకోవాల్సిందే.

మనకి ఇది కొత్త విషయం కాదు. అరసవల్లి గుడి ఎంత పాతది అని అడిగితే 7వ శతాబ్దంలో కళింగ గంగరాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెప్తాం, కానీ ఇప్పుడు మనం లోపలికెళ్ళి చూసే కట్టడం చాలా వరకు 18వ శతాబ్దపు మరమ్మతుల్లో వచ్చింది. అలాగని గుడి 18వ శతాబ్దానిదే అంటే ఊళ్ళో ఎవడూ ఒప్పుకోడు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. కొలుపు వయసు ఒకటి, రాయి వయసు ఒకటి. అదే విజయనగరం కోట తీసుకోండి, 1713లో ఎక్కడ కట్టారో ఇప్పటికీ అక్కడే వుంది, అక్కడ సంవత్సరమూ రాయీ ఒకదానికొకటి అతుక్కునే వున్నాయి. పాత గోల్ఫ్ క్లబ్బులు చాలావరకు అరసవల్లి టైపు, కోట టైపు చాలా తక్కువ.

దమ్‌దమ్ నుంచి టాలీగంజ్ దాకా

1829లో మొదలైనప్పుడు దాని పేరు దమ్‌దమ్ గోల్ఫింగ్ క్లబ్బు. దమ్‌దమ్ అంటే ఇప్పుడు కలకత్తా ఎయిర్‌పోర్టు వున్న వైపు, అప్పట్లో అది ఈస్టిండియా కంపెనీ వాళ్ళ ఫిరంగి దళం వుండే చోటు. తర్వాత ఆట ఊరి మధ్యలో మైదాన్‌కి మారింది. మైదాన్ చూసినోళ్ళకి తెలుసు, ఫోర్ట్ విలియం కోట చుట్టూ ఖాళీగా వదిలేసిన పెద్ద బయలు, అది సైన్యం నేల, ఒకపక్క ఆట, ఒకపక్క మనుషులు నడిచే దారి. ఆ మైదాన్‌లోనే 1891లో ఆడవాళ్ళు తమకంటూ కలకత్తా లేడీస్ గోల్ఫ్ క్లబ్బు పెట్టుకున్నారు, ఆడవాళ్ళే నడిపే క్లబ్బు ఆ రోజుల్లో పెట్టడం చిన్న విషయం కాదు, దాని గురించి ఎవరూ ఎక్కువ చెప్పుకోరెందుకో.

1910లో క్లబ్బు ఊరికి దక్షిణాన టాలీగంజ్ వైపు ఇప్పుడున్న చోటుకి చేరింది. టాలీగంజ్ పేరు విలియం టాలీ అనే కంపెనీ ఆఫీసరు నుంచి వచ్చింది, 1770ల్లో పూడిపోయిన ఆదిగంగ పాయని పడవల కోసం తవ్వించాడాయన, దాన్నే టాలీ నాలా అంటారు. అంటే ఏటిగట్టు నేల, పల్లం, తేమ. ఈ తేమ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

కాబట్టి క్లబ్బు 1829ది, నేల 1910ది. కుర్రాడి ఫోన్ అబద్ధం చెప్పలేదు, మావా చెప్పలేదు.

"ప్రపంచంలో మొదటిది" అన్న మాటలో ఎంత నిజం

మావ మాటలో "ప్రపంచంలోనే" దగ్గర మటుకు కాలు జారాడు. స్కాట్లాండ్‌లో గోల్ఫ్ దీనికన్నా ఎన్నో వందల ఏళ్ళ ముందు నుంచీ వుంది. రాతపూర్వకంగా దొరికిన మొదటి రూల్సు 1744 నాటివి, 13 రూల్సు. సెయింట్ ఆండ్రూస్‌లో ప్లేయర్ల సంఘం 1754లో పెట్టారు. కాబట్టి కలకత్తాది ప్రపంచంలో మొదటిది కాదు, బ్రిటిష్ దీవుల బయట మొదటిది. మామూలుగా అందరూ చెప్పేది ఇదే.

అందులో కూడా ఒక మెలిక వుంది. అమెరికాలో చార్లెస్టన్ అనే ఊళ్ళో 1786లోనే ఒక గోల్ఫ్ క్లబ్బు వుండేది, సవానాలో 1796 నాటికి ఇంకోటి. 1829 కన్నా ముందే కదా! కానీ అవి కొన్నేళ్ళకి ఆగిపోయాయి, మధ్యలో తెగిపోయింది. అందుకని కొంచెం జాగ్రత్తగా రాసేవాళ్ళు "బ్రిటిష్ దీవుల బయట, ఇప్పటికీ నడుస్తున్న వాటిల్లో అన్నిటికన్నా పాతది" అని రాస్తారు. ఆ "ఇప్పటికీ నడుస్తున్న" అన్న మాట తీసేస్తే వాక్యం తప్పైపోతుంది, వాట్సాప్ ఫార్వర్డుల్లో ముందు ఎగిరిపోయేది ఎప్పుడూ అలాంటి మాటే.

మిగతావాటి పక్కన పెట్టి చూస్తే అది ఎంత ముందో తెలుస్తుంది. బొంబాయిలో 1842, అది తర్వాత లేకుండా పోయింది. ఫ్రాన్స్‌లో పో అనే ఊళ్ళో 1856, యూరప్ నేల మీద అదే మొదటిది. కెనడాలో మాంట్రియల్ 1873. బెంగుళూరు 1876. అంటే పారిస్‌లో, న్యూయార్క్‌లో ఇంకా గోల్ఫ్ క్లబ్బే లేని రోజుల్లో దమ్‌దమ్‌లో దోమల మధ్య ఎవరో కర్ర తిప్పుతున్నారు.

ఎందుకు కలకత్తాయే?

చాలామంది జూట్ వల్ల అంటారు. నాకూ మొదట అలానే అనిపించింది, ఎందుకంటే మనది గోగునార దేశం, నెల్లిమర్ల మిల్లు, చిట్టివలస మిల్లు పేర్లు వినకుండా ఇక్కడ ఎవరూ పెరగలేదు, జూట్ అంటే కలకత్తా, కలకత్తా జూట్ అంటే స్కాట్లాండ్‌లోని డండీ, ఆ డండీకి సెయింట్ ఆండ్రూస్ ఓ 20 కిలోమీటర్లు, అంతే. కథ ఎంత బాగా కుదిరిందో చూడండి. కానీ తేదీలు ఒప్పుకోవు. కలకత్తా దగ్గర రిష్రాలో మొదటి జూట్ మిల్లు పెట్టింది 1855లో. క్లబ్బు అప్పటికే 26 ఏళ్ళది.

అసలు విషయం ఏంటంటే జూట్‌కి ముందే కంపెనీ కొలువులో, సైన్యంలో, వ్యాపారంలో స్కాట్లాండ్ వాళ్ళు బోలెడుమంది వుండేవాళ్ళు. ఆటని తెచ్చింది వాళ్ళు. జూట్ చేసిందల్లా తర్వాత దాన్ని నింపడం, 19వ శతాబ్దం రెండో సగంలో మిల్లు మేనేజర్లు, ఇంజనీర్లు, షిప్పింగ్ కంపెనీల వాళ్ళు డండీ నుంచి ఓడలు దిగుతుంటే మెంబర్లకి కొదవేముంది. విత్తనం ఒకరిది, ఎరువు ఇంకొకరిది. 1892 నాటికి అక్కడ భారతదేశపు అమెచ్యూర్ చాంపియన్‌షిప్ మొదలైపోయింది, ఇది అమెరికా ఓపెన్ కన్నా 3 ఏళ్ళు ముందు.

అమెచ్యూర్ అంటే డబ్బు కోసం కాకుండా సరదాకి ఆడేవాడు. అప్పట్లో ఆ సరదా ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు, దొరలది. మనవాళ్ళు సంచి మోసేవాళ్ళు, గడ్డి కోసేవాళ్ళు.

"రాయల్" అన్న పేరు ఎలా తగులుకుంది

రాయల్ అని వుంటే రాజుగారు కట్టించారనుకుంటాం. అది కాదు, అదొక బిరుదు, రాజు అనుమతిస్తే పేరు ముందు పెట్టుకుంటారు. 1911 డిసెంబరులో ఐదో జార్జి ఢిల్లీ దర్బారుకి వచ్చి, ఆ నెలాఖరున కలకత్తా వెళ్ళాడు. ఆ రాకకి గుర్తుగా క్లబ్బుకి ఆ మాట దక్కింది, అప్పటి నుంచి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బు. తమాషా ఏంటంటే అదే దర్బారులో రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నట్టు ప్రకటించాడు. ఊరికి కిరీటం పోయింది, గోల్ఫ్ క్లబ్బుకి మాత్రం వచ్చింది.

ఆట తెలియనోళ్ళకి ఓ పావుగంట

కోర్సు పాతదా, గొప్పదా అని మాట్లాడుకోవాలంటే నాలుగు మాటలు తెలియాలి. చిన్న బంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి దూరంగా వున్న చిన్న బొరియలో పడెయ్యడం ఆట. బొరియ 108 మిల్లీమీటర్ల వెడల్పు, టీ గ్లాసు దిగేంత. దాన్ని మనవాళ్ళు గుంట అని రాస్తుంటారు, మన ఉత్తరాంధ్రలో గుంట అంటే పిల్ల, కాబట్టి నేను హోల్ అనే రాస్తాను, లేకపోతే మా అమ్మ చదివి నవ్వుతుంది.

మొదలెట్టే చోటు టీ. మధ్యలో కోసిన గడ్డి దారి ఫెయిర్‌వే. పక్కన కొయ్యకుండా వదిలేసిన ఎత్తు గడ్డి రఫ్. ఇసక గొయ్యి బంకర్. చివర హోల్ చుట్టూ బాగా పొట్టిగా కోసిన నున్నటి గడ్డి గ్రీన్. టీ నుంచి గ్రీన్ దాకా మొత్తం ముక్కని కూడా హోల్ అనే పిలుస్తారు, ఇక్కడే కొత్తవాళ్ళకి తికమక. 18 హోల్స్ అంటే 18 బొరియలు, 18 దారులు.

18 ఎందుకు? దీని వెనక పెద్ద తత్వం లేదు. సెయింట్ ఆండ్రూస్‌లో సముద్రం పక్కన సన్నటి నేల, వెళ్ళేటప్పుడు 11, వచ్చేటప్పుడు అవే దారుల్లో 11, మొత్తం 22 ఆడేవాళ్ళు. 1764లో మొదటి నాలుగూ మరీ పొట్టిగా వున్నాయని రెండుగా కలిపేశారు. 11 కాస్తా 9 అయింది, రానుపోను 18. తర్వాత ఊళ్ళన్నీ దాన్నే పట్టుకున్నాయి.

పార్ అంటే బాగా ఆడేవాడికి ఒక హోల్‌కి ఎన్ని దెబ్బలు సరిపోవాలి అన్న లెక్క. గ్రీన్ మీద రెండు దెబ్బలు అందరికీ కలిపి పెట్టేస్తారు, మిగతాది దూరాన్ని బట్టి. 170 గజాల హోల్ అయితే ఒక దెబ్బకి గ్రీన్ చేరాలి, 1 + 2 = 3, పార్ 3. 400 గజాలైతే రెండు దెబ్బలు, పార్ 4. 530 గజాలైతే పార్ 5. మామూలుగా ఒక పెద్ద కోర్సులో పార్ 3లు నాలుగు, పార్ 4లు పది, పార్ 5లు నాలుగు వుంటాయి. 12 + 40 + 20 = 72. టీవీలో 72 అని వినిపించేది ఇదే. మొత్తం దూరం 7,000 గజాలైతే దాదాపు 6.4 కిలోమీటర్లు, ఆముదాలవలస స్టేషన్ నుంచి శ్రీకాకుళం టౌన్‌కి వెళ్ళే దూరంలో సగం అనుకోండి, అది కూడా బంతి తిన్నగా పోతే.

ఇంకో మాట హ్యాండిక్యాప్. చేతకానోడికి ఇచ్చే మినహాయింపు. ఒకాయన 95 దెబ్బలు కొట్టాడు, ఆయన మినహాయింపు 24, లెక్కకి వచ్చేది 71. ఇంకొకాయన 80 కొట్టాడు, మినహాయింపు 7, లెక్క 73. గెలిచింది 95 కొట్టినాయన! మా మావకి ఈ ముక్క బాగా నచ్చింది, చదువులో కూడా ఇలా వుంటే నేనూ పాసయ్యేవోడిని అన్నాడు.

సముద్రం లేని చోట గోల్ఫ్: చెరువుల కథ

గోల్ఫ్ పుట్టిన నేలని లింక్స్ అంటారు. సముద్రానికీ పొలాలకీ మధ్యన వుండే ఇసక దిబ్బల నేల. మనకి తెలిసిన నేలే ఇది, కళింగపట్నం నుంచి బారువ దాకా ఒడ్డున నడిస్తే కనిపించే ఇసక మిట్టలు, మొగలి పొదలు, సరుగుడు చెట్లు, గాలి. ఆ సరుగుడు తీసేసి పొట్టి గడ్డి, ముళ్ళ పొదలు ఊహించుకుంటే లింక్స్ వచ్చేసినట్టే. అక్కడ ఎవరూ ఏమీ కట్టక్కర్లేదు, ఎత్తుపల్లాలు గాలే కట్టింది, ఇసక కాబట్టి వానపడినా నీళ్ళు నిమిషాల్లో ఇంకిపోతాయి.

ఇప్పుడు కలకత్తా చూడండి. గంగ తెచ్చి పోసిన బురద మట్టి, పళ్ళెంలా చదును, రెండు మూరలు తవ్వితే నీళ్ళు. లింక్స్‌కి అన్ని రకాలా తలకిందులు. అలాంటి చోట ఎత్తుపల్లాలు ఎక్కడ నుంచి తెస్తారు? మనూళ్ళో ఇల్లు కట్టేటప్పుడు ఏం చేస్తామో అదే చేశారు. చెరువు మట్టి తెచ్చి అరుగు ఎత్తు చేస్తాం కదా. చెరువులు తవ్వారు, ఆ మట్టితో టీలు, గ్రీన్‌లు కాస్త పైకి లేపారు. ఒక్క పనితో మూడు పనులు అయ్యాయి, వాన నీళ్ళు పోవడానికి చోటు దొరికింది, ఎండాకాలం గడ్డికి తడి దొరికింది, ఆడేవాడికి అడ్డం దొరికింది.

రాయల్ కలకత్తాని మిగతావాటి నుంచి వేరుచేసే గుర్తు ఈ నీళ్ళే. అక్కడ కొండలు లేవు, లోయలు లేవు, పైకి చూస్తే ఇంత చదును నేలలో కష్టమేముంది అనిపిస్తుంది. కష్టం ఎలా వస్తుందో ఒక లెక్క చూద్దాం. 400 గజాల పార్ 4 అనుకోండి. మొదటి దెబ్బ 230 గజాలు, బాగుంది. ఇంకా 170 వున్నాయి. రెండో దెబ్బ కొంచెం పక్కకి పోయి చెరువులో పడింది. నీళ్ళలో పడితే ఒక దెబ్బ జరిమానా, అది మూడోది. వెనక నుంచి మళ్ళీ కొట్టింది నాలుగోది, గ్రీన్ చేరింది. అక్కడ రెండు. మొత్తం 6. పార్ కన్నా రెండు ఎక్కువ, ఒకే ఒక్క వంకర దెబ్బకి. అదే బంతి రఫ్‌లో పడి వుంటే మహా అయితే ఒకటి పోయేది. కొండ ప్రాంతపు కోర్సుల్లో బలం వున్నోడు బతికిపోతాడు, చెరువుల కోర్సులో తిన్నగా కొట్టేవాడు బతుకుతాడు.

దేవుడికి పెట్టే గరికే

ఇంకో సంగతి, ఇది నాకు అన్నిటికన్నా నచ్చింది. గోల్ఫ్ వాళ్ళు బెర్ముడా గ్రాస్ అని గొప్పగా చెప్పేది వినాయక చవితికి మనం పెట్టే గరిక, అంతే. హిందీలో దాన్నే దూబ్ అంటారు. ఎండకి చావదు, కోస్తే ఇంకా ఒత్తుగా వస్తుంది, పాకుతూ నేలని కప్పేస్తుంది. పొలం గట్టు మీద మనం తిట్టుకుంటూ పీకే గడ్డి, వేడి దేశాల గోల్ఫ్ అంతా దాని మీదే నిలబడింది. ఇప్పుడు గ్రీన్‌ల మీద వాడే టిఫ్‌డ్వార్ఫ్ లాంటి రకాలు కూడా గరికని దాని ఆఫ్రికా చుట్టంతో కలిపి తీసినవే, మూడు నాలుగు మిల్లీమీటర్లకి కోసినా బతుకుతాయి.

గరిక గ్రీన్‌కి ఒక గుణం వుంది, ఆకులు ఒకవైపుకి వాలి పెరుగుతాయి. వాలు వైపు కొడితే బంతి పరిగెడుతుంది, ఎదురు కొడితే ఆగిపోతుంది. కంటికి చదునే, బంతికి కాదు. అక్కడ పుట్టి పెరిగినవాడికి చేతికి తెలిసిపోతుంది, బయట నుంచి వచ్చినవాడు బుర్ర గోక్కుంటాడు.

నీళ్ళు లేని ఊళ్ళల్లో మటుకు ఈ గడ్డి భోగం కూడా లేదు. మన దేశంలో చాలా పాత కోర్సుల్లో గ్రీన్‌లకి బదులు బ్రౌన్‌లు వుండేవి, ఇసకలో నూనె కలిపి అదిమిన గుండ్రటి చదును. పేరుకి గ్రీన్, చూస్తే బెల్లం రంగు.

బంతి మారితే కోర్సు కూడా ముసలిదైపోతుంది

1829లో దమ్‌దమ్‌లో వాడిన బంతి ఇప్పటిది కాదు. తోలు సంచిలో ఈకలు కూరి కుట్టిన బంతి అది, చేత్తో చేసేది, ఖరీదు, తడిస్తే బరువెక్కి కుట్లు ఊడిపోయేది. బెంగాల్ వానాకాలంలో దాని గతి ఊహించుకోవచ్చు. 1848 ప్రాంతాల్లో గట్టపర్చా బంతి వచ్చింది, మలయా వైపు చెట్టు పాలు గడ్డకట్టించి చేసింది, చవక, తడిసినా ఏమీ కాదు. 1898లో లోపల రబ్బరు దారం చుట్టిన బంతి వచ్చింది, అది ఇంకా దూరం పోయింది.

దూరం పోతే ఏమైంది? పాత కోర్సులన్నీ ఒక్కసారిగా పొట్టివైపోయాయి. 350 గజాల హోల్‌కి అంతకుముందు మూడు గట్టి దెబ్బలు కావాల్సి వస్తే ఇప్పుడు రెండు చాలు. టీలు వెనక్కి జరిపారు, బంకర్లు మార్చారు, గ్రీన్‌లు మళ్ళీ పరిచారు. ఈ పని అన్ని చోట్లా జరుగుతూనే వుంది. అందుకని 1910 కోర్సు అన్నప్పుడు కూడా 1910 నాటి గడ్డి మీదే ఆడుతున్నారని కాదు అర్థం. షిల్లాంగ్ కోర్సు చూడండి, 1898లో 9 హోల్స్‌తో మొదలై 1924లో 18 అయింది, దాని వయసు ఎక్కడ నుంచి లెక్కేస్తారు? నన్నడిగితే రెండూ చెప్పడమే మర్యాద.

గోడ లోపల పుట్టిన ఆటగాళ్ళు

ఇది పెద్దోళ్ళ ఆట అన్న మాట నిజమే గానీ పూర్తి నిజం కాదు. 1965లో ఇండియన్ ఓపెన్ రాయల్ కలకత్తాలో జరిగింది, ప్రేమ్ గోపాల్ సేథీ అనే అమెచ్యూర్ గెలిచాడు, మనవాడు ఆ టోర్నమెంటు గెలవడం అదే మొదలు. మళ్ళీ మనవాడు గెలవడానికి 1991 దాకా ఆగాల్సి వచ్చింది, గెలిచిన అలీ షేర్ ఢిల్లీలో సంచులు మోసిన కాడీ. కాడీ అంటే ఆడేవాడి కర్రల సంచి మోస్తూ, గాలి ఎటు, దూరం ఎంత అని చెప్పే మనిషి. 1999లో ఇండియన్ ఓపెన్ మళ్ళీ కలకత్తాలో, అర్జున్ అట్వాల్ గెలిచాడు, ఆయనే 2010లో అమెరికా పీజీఏ టూర్‌లో, అంటే డబ్బుకి ఆడేవాళ్ళ పెద్ద పోటీల వరసలో, గెలిచిన మొదటి భారతీయుడయ్యాడు.

ఇక చౌరాసియా. ఎస్.ఎస్.పి. చౌరాసియా తండ్రి రాయల్ కలకత్తాలో గడ్డి చూసుకునే ఉద్యోగి. కొడుకు అక్కడే చూసి చూసి, ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే ఆట పట్టేశాడు. 2008లో ఢిల్లీలో ఇండియన్ మాస్టర్స్, 2016, 2017ల్లో వరసగా ఇండియన్ ఓపెన్. దూరం కొట్టే రకం కాదు, గ్రీన్ దగ్గర చిన్న చిన్న దెబ్బల్లో ఘనుడు, అందుకే చిప్, పుట్ అనే ఆ చిన్న దెబ్బల పేర్లు కలిపి తోటివాళ్ళు చిప్పుట్‌సియా అని పేరు పెట్టారు. చెరువులూ గరికా పెంచిన ఆట అలాగే వుంటుందని నాకనిపిస్తుంది.

ఇంత భూమి ఎవరిది అన్న తగువు

18 హోల్స్ కోర్సుకి 100 నుంచి 150 ఎకరాలు సులువుగా కావాలి. మన వైపు ఎకరం, ఎకరంన్నర రైతులే ఎక్కువ, ఆ లెక్కన వందమంది రైతుల బతుకు ఒక ఆటకి. ఒక్కోసారి కోర్సు మీద పట్టుమని పాతికమంది కూడా వుండరు. ఊరి మధ్యలో, ప్రభుత్వ భూమి మీద, ఎప్పటివో లీజులతో ఇది నడుస్తుంటే ప్రశ్న రాకుండా ఎలా వుంటుంది. గిండీలో అదే జరిగింది, 1946లో 99 ఏళ్ళకి ఇచ్చిన లీజు అది. ఆ భూమి జనానికి పార్కుగా, వరద నీళ్ళు పట్టే చెరువులుగా కావాలన్నది ప్రభుత్వం మాట. ఒప్పందం మధ్యలో తుంచేస్తే ఎలా, కట్టిపెంచిన మైదానం సంగతేంటి అన్నది క్లబ్బుల మాట. హైదరాబాదులో గోల్కొండ నయా ఖిల్లా దగ్గర గొడవ ఇంకో రకం, అక్కడ కోట పాతది, గోల్ఫే కొత్తది, కాబట్టి పాతదాన్ని కాపాడండి అన్న వాదన గోల్ఫ్‌కి ఎదురు తిరిగింది.

క్లబ్బుల వైపు మాటలో కూడా పస లేకపోలేదు. ఆ గోడలు లేకపోతే ఆ నేల ఖాళీగా వుండేది కాదు, ఎప్పుడో అపార్టుమెంట్లు లేచేవి, కలకత్తాలో ఆ చుట్టూ వున్న పేటల పేర్లే గోల్ఫ్ గ్రీన్, గోల్ఫ్ క్లబ్ రోడ్. చెట్లు, పిట్టలు, వాన నీరు ఇంకే నేల మిగిలాయి. అవతలివాళ్ళు దానికి ఒకటే అడుగుతారు, చెట్లే కావాలంటే పార్కు పెట్టినా వుంటాయి కదా, పైగా అందరూ వెళ్ళొచ్చు, గోల్ఫ్ గడ్డికి పోసే నీళ్ళూ మందులూ అక్కర్లేదు. దీనికి క్లబ్బుల దగ్గర గట్టి జవాబు నాకు కనిపించలేదు, కాడీల, మాలీల ఉద్యోగాల మాట తప్ప. ఆ మాట చిన్నది కాదు మరి, చౌరాసియా ఇంట్లో పొయ్యి వెలిగింది దాంతోనే. విశాఖలో ముడసర్లోవ వైపు ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బు దగ్గర నుంచి వెళ్ళేటప్పుడు మన వైపువాళ్ళకీ ఈ రెండు ఆలోచనలూ ఒకేసారి వస్తాయి.

ఒకటి మాత్రం గమ్మత్తుగా వుంది. కలకత్తాలో గోల్ఫ్ కోసం చెరువులు తవ్వారు, గిండీలో ఆ భూమి వెనక్కి తీసుకున్నాక మొదట మొదలెట్టిన పనుల్లో ఒకటి చెరువులు తవ్వడం.

ఇదంతా మర్నాడు టీ కొట్టు దగ్గర మావకి చెప్పాను. 1829 క్లబ్బుది, 1910 నేలది, ప్రపంచంలో కాదు, బ్రిటిష్ దీవుల బయట, అది కూడా ఆగకుండా నడుస్తున్న వాటిల్లో అని. అంతా విని, "మరి చెరువులు బాగుంటాయా?" అని అడిగాడు. అదేంటి మావా, 30 ఏళ్ళు అటు తిరిగావు, నువ్వు చూడలేదా అన్నాను.

"టాలీగంజ్ ఎల్లినప్పుడల్లా ఆ పక్క నుంచే ఎల్లీవోడ్ని బావూ, నోపలేటుందో నాకేటి తెలుసు. గోడ మటుకు శానా పొడుగు."